సున్నా ఉన్న చోటు

నాచారంలో, బిస్కెట్ల ఫ్యాక్టరీ వాసన కొట్టే సందులో ఆ చిన్న కంపెనీ ఉంది. సాయంత్రం నాలుగయింది. బయట వాన దంచుతోంది. ఉప్పల్ దాకా కరెంటు లేదు. రెండో అంతస్తులో తేజేష్ కంప్యూటరొక్కటే యూపీఎస్ మీద నడుస్తోంది.

మూడు రోజుల కిందట అతను దాని ముందే కుప్పకూలి చనిపోయాడు. చివరిదాకా ఏదో టైప్ చేస్తూనే ఉన్నాడట. సేవ్ చెయ్యలేదు. తెర లాకైపోయింది, పాస్‌వర్డు ఎవరికీ తెలీదు. మిషను ఆరిపోతే ఆ మాటలూ పోతాయి. భార్య హరితకి ఆ మాటలు కావాలి. ఇంకేమీ అక్కర్లేదు పాపం.

"వదినా, జర జల్ది. బ్యాటరీ పది నిమిషాలు గూడ రాదు," అన్నాడు తేజేష్ పక్క సీట్లో పనిచేసే కౌశల్.

హరిత కూడా ప్రోగ్రామరే. తన ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో దానికి తగిలించింది. మామూలు ప్రోగ్రాములను కెర్నల్ మెమరీలోకి, అంటే మిషన్ని నడిపే గుండెకాయలోకి, తొంగి కూడా చూడనివ్వరు. తన పరీక్షల కోసం తేజేష్ ఈ మిషన్లో ఆ కాపలా తీసేశాడు. ఆ మెమరీని చదవడానికి తెరిస్తే చాలు. కానీ పాడు అలవాటు, రాయడానికి, అంటే అందులో ఉన్నది మార్చడానికి కూడా తెరిచేసింది. దీనికే అతను ఎన్నిసార్లు తిట్టేవాడో!

మెమరీ ల్యాప్‌టాప్‌లోకి దిగుతోంది. ఆత్రంగా తన పేరు కోసం వెతికింది. చెత్త... అంతా చెత్త... దొరికింది.

"హరితా, ఇక్కడ చీకటిగా ఉంది."

ఏడుపు తన్నుకొచ్చింది. మళ్లీ చదివింది. ఇంకో వాక్యం చేరింది. కీబోర్డును ఎవరూ ముట్టుకోలేదు.

"ఈ పక్క చోటులో సున్నా ఉంది. ఒకటి చెయ్యి. వచ్చేస్తాను."

"వద్దు వదినా..." కౌశల్ కేబుల్ మీద చెయ్యేశాడు. "గిది అన్న గాదు. అన్న పోయిండు."

"నోర్ముయ్! ఒక్కసారి... ఒక్కసారి రానియ్యి."

యూపీఎస్ కీచుమంది.

"తొందరగా, హరితా."

సున్నాని ఒకటి చేసేసింది.

మిషను ఆరిపోయింది. ఫ్యాను చప్పుడు ఆగింది. కాలిన వెంట్రుకల వాసన... ఎవరూ రాలేదు. కౌశల్ కేబుల్ ఊడబెరికాడు.

హరిత ల్యాప్‌టాప్‌లో దిగినదాన్ని మొదట్నుంచి చూసింది. ఇందాక ఆత్రంలో దాటేసిన చోట ఇంకో వాక్యం ఉంది. "హరీ," అని మొదలైంది. తేజేష్ ఎప్పుడూ అలాగే పిలిచేవాడు.

"హరీ, నా పేరుతో ఎవరడిగినా ఆ సున్నాని కదపకు. నేను కదిపాను."

కౌశల్ చేతిలో కేబుల్ వేలాడుతూనే ఉంది. ఆ వాక్యం కింద కొత్త అక్షరాలు ఒక్కొక్కటే పడసాగాయి.

"కౌశల్‌ని బయటికి పొమ్మను, హరితా."