రెండు సంచుల్లో ఒక దవడ

"ఈ సంచీ నేను తీసుకోను."

వాళ్లిద్దరి పరిచయం ఈ మాటతో మొదలైంది. తవ్వకం దగ్గర్నుంచి ఎముకల సంచీ భుజాన వేసుకొచ్చిన అబ్బాయి, ఎముకలు చూసే గది గుమ్మంలోనే ఆగిపోయాడు. టేబుల్ వెనక కూర్చున్న అమ్మాయి తలైనా ఎత్తలేదు.

"ఎందుకండీ?"

"చీటీ తడిసి చెరిగిపోయింది. ఏ పొరలో దొరికిందో తెలియని ఎముక నాకెందుకూ పనికిరాదు. తీసుకెళ్లి సూప్ పెట్టుకోండి."

"రెండు వేల ఏళ్ల కిందట ఒకసారి పెట్టేసినవేనండీ ఇవి."

అప్పుడు తల ఎత్తింది. నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కుంది గానీ సంచీ మాత్రం తీసుకోలేదు. అతను మండుటెండలో మళ్లీ తవ్వకం జరిగే దిబ్బ దాకా నడిచి కొత్త చీటీ రాయించుకొచ్చాడు. ప్రేమ అక్కడే మొదలైందని అతనంటాడు. అది ప్రేమ కాదు, వడదెబ్బ అని ఆమె అంటుంది.

దిబ్బ మీద ఆమెను అందరూ డాక్టరమ్మ అనేవారు. మందులిచ్చే డాక్టరు కాదు. పాతకాలపు ఊళ్లు తవ్వినప్పుడు బయటపడే జంతువుల ఎముకలు చూసి, అది ఏ జంతువో, ఎంత వయసుదో, కోసి తిన్నారో దానంతటదే చచ్చిందో చెప్పగల మనిషి. ట్రెంచి, అంటే తవ్వకపు గుంట, తవ్వించే ఆ అబ్బాయిని తాపీ అనేవారు. మట్టి గీకే తాపీ అతని చేతిలోంచి దిగేది కాదు. పైగా మనిషి కూడా ఆ పేరుకు తగ్గ నిదానస్తుడు. పెళ్లి సంగతి ఆమె నాన్న దగ్గర ఎత్తడానికే ఒక తవ్వకాల సీజన్ పట్టింది.

నాన్న బస్సు డ్రైవరు. జీవితమంతా కాంట్రాక్టు కిందే బండి నడిపి, "వచ్చే ఏడు పర్మినెంటు" అన్న మాట విని విని చివరికి ఇంటికొచ్చేసిన మనిషి.

"అబ్బాయి మంచోడేనమ్మా. కానీ పర్మినెంటు ఉద్యోగం చేతికి రానీ. అప్పుడు మాట్లాడుకుందాం," అన్నాడు.

ఆ ఉద్యోగం వచ్చేలాగే ఉంది. తాపీ ట్రెంచిలో రెండు పొరలు. కింది పొర ఇళ్లు పై పొర ఇళ్లకంటే మూడు వందల ఏళ్లు పాతవి. పై పొరవాళ్లు కుక్కల్ని పెంచారని అందరికీ తెలిసిందే. కింది పొరలో కూడా తాపీకి కుక్క ఎముకలు దొరికాయి. అంటే ఆ ఊళ్లో కుక్క మూడు వందల ఏళ్లు ముందే వచ్చిందన్నమాట. ఆ వ్యాసం అచ్చయితే ఉద్యోగం ఖాయమని తవ్వకం నడిపించే పెద్దసారు కూడా అన్నాడు.

ఆ వ్యాసం కోసమే డాక్టరమ్మ ఓ మధ్యాహ్నం కింది పొర కుక్క దవడ ముక్కను కొలుస్తోంది. పోల్చి చూద్దామని పై పొర సంచీలోంచి ఇంకో దవడ ముక్క తీసింది. రెండూ విరిగినవే. చేతులు వాటంతటవే రెంటినీ దగ్గరికి తెచ్చాయి.

అతికినట్టు సరిపోయాయి. మధ్యలో వెంట్రుక దూరే సందు కూడా లేదు.

విడదీసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ పెట్టి చూసింది. తేడా ఏమీ లేదు. ఒకే కుక్క దవడ సగం ఒక కాలంలో, సగం ఇంకో కాలంలో ఉండదు కదా. పై పొరవాళ్లెవరో గొయ్యి తీసి కుక్కను పూడ్చారు. ఆ గొయ్యి కింది పొరలోకి దిగింది. తవ్వేటప్పుడు దాని అంచు తాపీ కంటపడలేదు. కింది పొరకు కుక్కే లేదు. వ్యాసం లేదు, ఉద్యోగం లేదు, పెళ్లీ లేదు.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఆ రెండు సంచులూ పక్కపక్కన పెట్టి చూసే మనిషి ఆమె ఒక్కతే. వారం తిరిగితే ట్రెంచి పూడ్చేస్తారు కూడా. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో ఆమెకు ఆ పూట తెలిసింది. చాలాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని అతన్ని పిలిచింది.

అతను చూశాడు. మొహంలో నవ్వు మాయమైపోయింది.

"ఎముకలు కడిగి ఆరబెట్టేది నీ దగ్గరే కదా. ట్రేలు కలిసిపోయుంటాయి."

"అయ్యుండొచ్చు. అదే అయితే బాగుండునని నాకూ ఉంది. తప్పు నాదైతే నీ వ్యాసం బతుకుతుంది. కానీ నాదో నీదో తేల్చకుండా ఊరుకోలేను."

"ఊరుకుంటే మన పెళ్లవుతుంది."

"అవుతుంది. ఆ తర్వాత మనం పోట్లాడుకున్న ప్రతిసారీ ఈ కుక్క వచ్చి మధ్యలో కూర్చుంటుంది."

"అంటే నా పని మీద నీకు నమ్మకం లేదు."

"నీ మీద నమ్మకం ఉంది కాబట్టే నీకు చెప్పాను. లేకపోతే పెద్దసారుకే చెప్పేదాన్ని."

అతను వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. ఆమె ఫోను చేయలేదు. అన్నం సయించలేదు.

వాన పట్టుకున్న రోజున గొడుగైనా లేకుండా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"పక్క ట్రెంచికీ మనదానికీ మధ్య మట్టిగట్టు తవ్వకుండా వదిలాం. గొయ్యి నిజమైతే దాంట్లోకీ పోయుంటుంది. వస్తావా?"

"ఇంత వానలోనా?"

"వానే కావాలి. తడిస్తేనే మట్టి రంగుల్లో తేడా తెలుస్తుంది. ఎండలో నాకు కనబడలేదు."

బురదలో చెప్పులు దిగబడుతుంటే ఆమె అతని మోచెయ్యి పట్టుకుంది. అతను విడిపించుకోలేదు.

టార్పాలిన్ కింద కూర్చుని గట్టును పలచగా చెక్కుతూ పోయాడు. తడి మట్టిలో నల్లటి గీత మెల్లగా తేలింది. పై పొరలో మొదలై, కింది పొరను కోసుకుంటూ గుండ్రంగా దిగింది. దాని వెంటే ఇంకాస్త లోపలికి చెక్కాడు. పక్కటెముకలు కనిపించాయి. ముడుచుకున్న వెనక కాళ్లు, వాటి చుట్టూ తిప్పి ఉన్న తోక ఎముకలు కనిపించాయి.

"విసిరేయలేదు," అన్నాడతను. "ఎవరో పడుకోబెట్టారు. నిద్రపోయేటప్పుడు ముడుచుకుంటుంది కదా, అలా."

"బాగా ముసలిది. ఆ దవడలో పళ్లన్నీ అరిగిపోయాయి," అందామె.

అతను తాపీ కింద పెట్టేశాడు. ఏళ్ల తరబడి పడ్డ కష్టం ఆ నల్లగీతలో పోయింది. ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

"తప్పంతా నీ ట్రేల మీదికి తోసేశాను. సారీ."

"నేనూ వాటినే అనుమానించాను."

"పెద్దసారుకి నేనే చెప్తాను."

"కనిపెట్టింది నేను, చెప్పేది నువ్వా? క్రెడిటంతా నీకేనా?"

నవ్వబోయి ఏడ్చాడు. "నువ్వంటే నాకెంత ఇష్టమో ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు," అన్నాడు.

"ఇప్పుడు చెప్పు. ఇంతకంటే చెడ్డ టైము మనకు దొరకదు."

చెప్పాడు. వాన హోరులో సగమే వినబడిందని ఆమె రెండోసారి చెప్పించుకుంది.

పెద్దసారు అంతా విని కాసేపు గడ్డం గోక్కున్నాడు. "తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాళ్లనే ఇన్నేళ్లూ చూశాను. నాలుగో కాలు తానే వెతికి తెచ్చినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా," అన్నాడు. మెచ్చుకోలు మెచ్చుకోలే, ఉద్యోగం మాత్రం వేరే ఎవరికో వెళ్లింది.

ఆ వారమే ఇద్దరూ ఆమె ఇంటికి వెళ్లారు. నాన్న కుర్చీ చూపించాడు.

"ఉద్యోగం సంగతేమైంది బాబూ?"

"రాలేదండీ. ఇప్పట్లో రాదు కూడా." జరిగిందంతా దాచకుండా చెప్పాడు.

నాన్న కూతురి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పకపోతే ఎవరికైనా తెలిసేదా?"

"తెలిసేది కాదు నాన్నా."

"చెబితే ఈ పెళ్లి ఆగుతుందని తెలుసు కదా?"

"తెలుసు."

"నీకు కోపం రాలేదా బాబూ?"

"వచ్చిందండీ. మాటలు మానేశాను. కానీ తనే కరెక్టు."

నాన్న వంటింటి వైపు చూశాడు. అక్కడ అమ్మ కప్పుల చప్పుడు ఆగిపోయింది.

"నాకు పర్మినెంటు కాని ప్రతి ఏడూ ఇంటికొచ్చి మీ అమ్మ మీద అరిచేవాణ్ణి. పాపం, దానికేం సంబంధం? నేను ఉద్యోగం అడిగింది జీతం కోసం కాదమ్మా. నీకా గతి పట్టకూడదని. ఈ అబ్బాయి ఉద్యోగం నిజంగానే నీ వల్ల పోయింది. అయినా నీ పక్కన కూర్చుని నీదే కరెక్టంటున్నాడు."

ఆమె కళ్లు తుడుచుకుంది.

"పెళ్లి తేదీ నువ్వే పెట్టమ్మా," అన్నాడు నాన్న. "అతన్ని పెట్టమంటే మూడు వందల ఏళ్లు తేడా వస్తుంది."