రేకు మీద అయిదు వేళ్లు

“చెయ్యి! ముందు ఆ చెయ్యి తియ్యండి!”

వర్క్‌షాప్‌లో అడుగుపెట్టిన మొదటిరోజే ఆమె పెట్టిన కేకకి గేట్లు చేసేవాళ్లందరూ చేతులు పైకెత్తేశారు. పోలీసులొచ్చారనుకున్నారు కాబోలు. ఎత్తనివాడు ఒక్కడే. యజమానురాలి కొడుకు, స్ప్రే గన్ పట్టే మనిషి. తుడిచిపెట్టిన ఇనుప రేకు మీద దర్జాగా చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

“కడిగిన చెయ్యేనండీ.”

“కడిగినా చెమటుంటుంది. చెమటలో ఉప్పుంటుంది. దానిమీద నా కోటింగ్ పట్టదు, అడుగునుంచి తుప్పు లేస్తుంది. గ్లవ్స్ వేసుకోండి.”

“మీరూ ఓ కోటు వేసుకొచ్చారేంటండీ? ఏం చెప్పినా జారిపోతోంది!”

ఆమెకి ఒళ్లు మండింది. నవ్వూ వచ్చింది. నవ్వితే లోకువైపోతానని మొహం గంటు పెట్టుకుంది.

ల్యాబ్‌లో ఆమె తయారుచేసిన ఆ కోటింగ్ నీటిని అంటనివ్వదు. చినుకు పడితే ముత్యంలా దొర్లిపోవలసిందే. నీరు నిలవకపోతే తుప్పెక్కడిది? కోటింగ్ వేసిన రేకులు వర్షాకాలమంతా డాబా మీద నిలబడి నెగ్గితే, ఇక్కడి గేట్లన్నిటికీ అదే వేస్తారు. తుప్పు కనిపిస్తే ఆమెకి ఇక్కడ పని లేనట్టే. ఆ మాట తలుచుకుంటే ఆమె గుండె కోటింగ్ కోసమే కొట్టుకునేది కాదు. ఎవరితో చెప్పుకుంటుంది?

రేకుల్ని వారానికోసారి చూస్తే చాలు. ఆమె రోజు విడిచి రోజు వచ్చేది. “వానలో చూడాలిగా” అనేది. ఎండ కాస్తే “ఎండలోనూ చూడాలిగా” అనేది. అతను గొడుగు పట్టేవాడు. ముప్పాతిక గొడుగు ఆమెకి, తడవడం అతనికి.

“మీ చినుకులు భలే దొర్లుతున్నాయండీ.”

“నావేంటి? ఆకాశానివి.”

“దొర్లిస్తున్నది మీరేగా!”

ఇలాంటి మాటలు వినగానే ఆమె పొడిగా ఉన్న రేకునే మళ్లీ మళ్లీ తుడిచేది.

వానలు ముగింపుకొచ్చాయి. సన్నటి తుంపరలో యజమానురాలు డాబా ఎక్కింది, వెనకాలే గొడుగుతో వాళ్లిద్దరూ. రేకులన్నీ తళతళలాడుతున్నాయి. చివరిదాని మీద మాత్రం ఎర్రటి తుప్పు. అరచెయ్యి, అయిదు వేళ్లు, అచ్చుగుద్దినట్టు.

“తుప్పు పట్టదన్నావుగా అమ్మాయ్?”

ఆమె నోరు తెరిచేలోపే అతను అడ్డొచ్చాడు. “నాదే తప్పమ్మా. గ్లవ్స్ లేకుండా ముట్టుకున్నాను.”

“అయితే రేపట్నుంచి గన్ ముట్టుకోకు. జాగ్రత్త తెలిసినవాళ్లు వేస్తారు.”

అతని మొహం వాడిపోయింది. స్ప్రే గన్ అంటే అతనికి ప్రాణం. ఆమె నోరు మూసుకుంటే కోటింగ్ గట్టెక్కినట్టే. కానీ అతని చెయ్యి చేటంత. ఆ గుర్తు సన్నటిది.

ఆరోజు ఈ రేకుకి కోటింగ్ వేసేముందు అతని కనుబొమ్మ మీద పాత పెయింటు చుక్క కనిపించింది. తుడుస్తానని ఆమె గ్లవ్స్ రెండూ తీసేసింది. అతను బుద్ధిగా కళ్లు మూసుకుని మొహం ముందుకు పెట్టాడు. ఆమె ఒక్క అడుగు వెనక్కి తూలింది. వెనక ఏముందో చూడకుండా చెయ్యి ఆనించేసింది.

“ఆ చెయ్యి నాదండీ,” అంది.

“నీదా! అందరికీ పాఠం చెప్పి నువ్వెందుకు ముట్టుకున్నావు?”

“ఆసరాకండీ. మీ అబ్బాయి కళ్లు మూసుకున్నారు.”

“వాడు కళ్లు మూసుకుంటే నీకు ఆసరా దేనికే?”

“పడిపోతానేమోనని...” ఇక దాచి లాభం లేదు. “నాకు మీ అబ్బాయంటే ఇష్టమండీ. చాలా ఇష్టం.”

గొడుగు అతని చేతిలోంచి జారి గాలికి డాబా దాటి ఎగిరిపోయింది. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

యజమానురాలు కొడుకుని ఎగాదిగా చూసింది. “ఆదివారాలు కూడా గడ్డం గీసుకుని వర్క్‌షాప్‌కి పరిగెడుతుంటే పని మీద భక్తనుకున్నాను! సరే, కోటింగ్ బంగారంలా ఉంది, గేట్లకి వేద్దాం. గన్ కూడా వీడే పట్టుకుంటాడు. అమ్మాయ్, మీ నాన్నగారు ఎప్పుడు తీరిగ్గా ఉంటారు?”

“ఈ సాయంత్రం, అమ్మా!” అన్నాడతను.

“నీకెలా తెలుసురా?”

“నిన్న వెళ్లి అడిగొచ్చాను.”

ఆమె తెల్లబోయింది. “నాతో చెప్పకుండానా?”

“మీతో చెప్పాలంటే భయమేసిందండీ. ఆయన్ని అడగడమే తేలికనిపించింది.”

నాన్న నిన్న రాత్రి భోజనం దగ్గర ఊరికే ఈల వేస్తూ కూర్చున్నది ఎందుకో ఆమెకి అప్పుడు అర్థమైంది.