సగం చందా

పెళ్లికూతురి బుగ్గ మీది మొటిమను సగం చెరిపాడో లేదో, యాప్ అతన్ని బయటికి తోసేసింది. ఈ ఖాతాను మరొకరు వాడుతున్నారని టాబ్లెట్ తెర మీద ఓ ముక్క కనిపించింది. మళ్లీ లోపలికి వెళ్లాడు. మళ్లీ తోసేసింది. అప్పటికే మెడ పట్టేసి, కళ్లు మండుతున్నాయి.

అతను పెళ్లి ఫోటోలు దిద్దుతాడు. ఆ యాప్ చందా ఏటికేడు పెరుగుతుంటే ఒక్కడే మోయలేక స్నేహితుడితో కలిసి కట్టేవాడు. వేరే ఉద్యోగంలో చేరుతూ ఆ మహానుభావుడు తన వాటాను ఎవరో అమ్మాయికి అప్పగించి, ఆ మాట ఇతనికి చెప్పడం మరిచిపోయాడట. నంబరు తీసుకుని ఆమెకే ఫోన్ చేశాడు.

"కాస్త బయటికి వెళ్తారా? నా పెళ్లికూతురు సగంలో ఉంది."

"నా చొక్కా కూడా సగంలోనే ఉందండి," అంది అవతలి గొంతు, ఓపిక లేనట్టుగా.

ఆమె బట్టల కొట్లకు ఫోటోలు దిద్దుతుంది. మీరు మొహాల మీద ముడతలు తీస్తారు, నేను చొక్కాల మీద తీస్తాను, మొత్తానికి ఇద్దరిదీ ఇస్త్రీ పనే అని ఆమె అంటే, అతనికి చాలా రోజులకు నవ్వొచ్చింది. పొద్దుటి పూట అతనూ, మధ్యాహ్నం నుంచి ఆమే వాడుకోవాలని ఒప్పందం కుదిరింది.

చందా కట్టేది ఆమె కాబట్టి, తన సగం డబ్బు ఫోన్లో పంపితే సరిపోయేది. అతను మాత్రం నెలనెలా చేతికే ఇస్తానని టీ కొట్టు దగ్గరికి వచ్చేవాడు. వాన పడితే ఇద్దరూ రేకు కిందకి చేరేవారు. వాన తగ్గినా, ఇంకా పడుతోందేమోనని అతను చెయ్యి బయటకు చాపి చూసేవాడు. ఆమె చూడనట్టు చూసేది.

కొన్నాళ్లకు, ఒక్కసారి కొనుక్కుంటే చాలు, మళ్లీ కట్టక్కర్లేని యాప్ ఒకటి అతనికి దొరికింది. పనంతా దానికే మార్చుకున్నాడు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. చెబితే టీ కొట్టుకు రావడానికి వంక ఉండదు.

చందా మళ్లీ పెంచారని ఖాతా వివరాలు చూడబోయి, ఆమె ఆ సంగతి కనిపెట్టింది. అతని టాబ్లెట్లో ఆ యాప్ తెరిచి నెలలు దాటింది.

"వాడకుండానే ఎందుకు కడుతున్నారు?" అని టీ కొట్టు దగ్గర అడిగింది.

"మిమ్మల్ని చూడొచ్చని."

అతను అనుకున్నట్టు ఆమె మొహం విచ్చుకోలేదు. మెల్లగా గ్లాసు కింద పెట్టింది.

"మా అక్కావాళ్లింట్లో పొద్దుటి పూటే నిశ్శబ్దంగా ఉంటుంది. మీకు పనుంటుందని ఆ టైమంతా మీకు వదిలేశాను. మధ్యాహ్నం పిల్లలొచ్చి ఇల్లు పీకి పందిరేస్తుంటే, ఆ గోలలో కూర్చుని చేశాను. పని ఆలస్యమైందని ఓ కొట్టు వాళ్లు నన్ను మానిపించారు కూడా. ఒక్క మాట చెప్పుంటే పోయేది కదండీ."

ఆమె వెళ్లిపోయింది.

ఆ రోజే ఖాతాలోంచి తన టాబ్లెట్ తీసేసి, ఇక ఏ వేళైనా మీదేనని రాసి పంపాడు. జవాబు లేదు. ఎదురుచూసి, ఎదురుచూసి, ఒక పొద్దున స్నేహితుణ్ని అడిగి ఆమె అక్కగారింటికి వెళ్లాడు. తలుపు తీసినావిడ ఎగాదిగా చూసింది.

"సగం చందా అబ్బాయివి నువ్వేనా? కూర్చో. రాక రాక ఇవాళ దానికి నిద్ర పట్టింది, లేపను."

కూర్చున్నాడు. భోజనాల బల్ల మీద ఆమె టాబ్లెట్, పక్కన మెడనొప్పి మందు.

ఆమె కళ్లు నులుముకుంటూ వచ్చి ఆగిపోయింది. అతను లేచి నిలబడ్డాడు. తన సంతోషమే చూసుకున్నాననీ, ఆమె వేళలు ఎలా గడుస్తున్నాయో ఒక్కసారైనా అడగలేదనీ చెప్పాడు. ఆమె ఒప్పుకుంటే వెనకబడిన పని తను కూర్చుని చేసిపెడతానన్నాడు. చివరికి, "మీరంటే నాకిష్టం. ఇది మాత్రం ముందే చెప్పాల్సింది," అన్నాడు.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాకింకా కోపం పోలేదు."

"తెలుసు."

"పోయేదాకా రోజూ రండి."

"పోయాక?"

ఆమె జుట్టు ముడేసుకుంది. వంటింట్లోంచి అక్క గొంతు వినిపించింది.

"అది అంత తొందరగా పోయే కోపం కాదులే, అబ్బాయ్. టీలో చక్కెర ఎంత వేయాలో ఇప్పుడే చెప్పు, రోజూ అడగలేను."