చిల్లర చిరునామా

గొడవంతా ఒక్క మాట దగ్గర మొదలైంది.

అతను క్రిప్టో నాణేలు దాచుకునే వాలెట్ యాప్ తయారుచేసే ఆఫీసులో ప్రోగ్రామర్. నోరు విప్పడం అరుదు కాబట్టి అందరూ అతణ్ణి సైలెంట్ మోడ్ అని పిలిచేవారు. ఆమె ఆ యాప్‌లోని ఇంగ్లిషు మాటల్ని తెలుగు చేయడానికి కొన్ని వారాల ఒప్పందం మీద వచ్చిన అనువాదకురాలు. అతను ‘చేంజ్ అడ్రస్’ అని రాసిన చోట ఆమె ‘చిరునామా మార్చుకోండి’ అని పెట్టింది.

అది అతని కంటపడింది. లేచి తిన్నగా ఆమె బల్ల దగ్గరికి నడిచాడు. సైలెంట్ మోడ్ తనంతట తాను ఒక మనిషితో మాట్లాడబోతున్నాడని ఆఫీసంతా తలలు తిప్పి చూసింది.

“చేంజ్ అంటే ఇక్కడ మార్పు కాదండీ, చిల్లర.”

“చిల్లరా?” ఆమె కళ్లజోడు పైనుంచి చూసింది. “చిల్లర వేషాలు, చిల్లర మనుషులు... ఆ మాట పెడితే మీ యాప్‌ని ఎవరు ముట్టుకుంటారు?”

అతనికి నవ్వొచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక లావాదేవీ లోపల ఏముంటుందో విడమరిచి చెప్పాడు. అందులో పేర్లే ఉండవు, వాటి బదులు అక్షరాలూ అంకెలూ కలిసిన చిరునామాలుంటాయి. ముందు ఇన్‌పుట్ ఉంటుంది. అంటే ఈ సొమ్ము అంతకుముందు ఏ లావాదేవీలో మనకొచ్చిందో చెప్పే గుర్తు, దాన్ని తెరిచే మన సంతకం. ఆ తర్వాత ఔట్‌పుట్. ఎంత, ఏ చిరునామాకి అన్నది అందులో ఉంటుంది. వచ్చినదాన్ని విరగ్గొట్టి సగమే ఇస్తామంటే కుదరదు. కొట్లో పెద్దనోటు ఇచ్చినట్టు మొత్తం ఇచ్చేసి, మిగిలింది వెనక్కి రావాలంటే మన చిరునామానే ఇంకో ఔట్‌పుట్‌గా రాసుకోవాలి. అదే చిల్లర.

మరి ఫీజు ఎక్కడ రాస్తారని ఆమె అడిగింది.

“ఎక్కడా రాయం. ఇచ్చినదాంట్లోంచి ఔట్‌పుట్లన్నీ తీసేస్తే మిగిలిందే ఫీజు. అందుకే చిల్లర చిరునామా మర్చిపోతే కొంప మునుగుతుంది. ఎవరికని చెప్పకుండా వదిలేసిందంతా, ఆ లావాదేవీని లెక్కకెక్కించే ముక్కూమొహం తెలియనివాడికి ఫీజుగా పోతుంది.”

తాను ఒక్క గుక్కలో ఇన్ని మాటలు మాట్లాడానని తన కుర్చీలోకి తిరిగొచ్చాక గాని అతనికి తెలియలేదు.

ఆ రోజు నుంచి ఏదో ఒక మాట పట్టుకుని ఆమే వచ్చేది. ఒక మధ్యాహ్నం అతను ప్రయోగాల కోసం పంపిన లావాదేవీలు తిరగేసింది. అవి విలువలేని ఉత్తుత్తి నాణేలు. చూసి చూసి, “అన్నీ మీ దగ్గర్నుంచి మీకేనా?” అంది.

పరీక్షే కదండీ అని అతను తేలిగ్గా అనేశాడు గాని, ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అతని గదిలో ఒకటే కంచం, ఒకటే కప్పు. గోడ అవతలి ఇంటివాళ్లు జోకులకి నవ్వుతుంటే, ఇవతల అతను కూడా ఒక్కోసారి నవ్వేవాడు. ఒంటరితనం అలవాటైపోయిందని నలుగురితో చెప్పేవాడు. అది అబద్ధం. సాయంత్రమయ్యేసరికి ఆ గదికి వెళ్లాలంటే అతనికి భయంగా ఉండేది.

ఆమెకూ అంతే. రోజంతా ఎవరివో మాటలు రాస్తాను, ఇంటికెళ్లేసరికి నావంటూ ఒక్కటీ మిగలదు, చెప్పుకోడానికి ఎవరూ ఉండరు అని ఒకసారి కిటికీలోంచి చూస్తూ అంది.

రోజూ ఫోన్ చేసే అక్క, ఇవాళైనా ఎవరితోనైనా మాట్లాడావా అని ఎప్పట్లాగే అడిగింది. అతను చిల్లర సంగతంతా చెప్పుకొచ్చాడు.

“ఎవర్రా ఆ అమ్మాయి?”

“అమ్మాయని నేనన్నానా?”

“చిల్లర గురించి ఇంతసేపు ఎవరూ ఊరికే మాట్లాడరు. ఆ మాటేదో ఆ అమ్మాయితోనే చెప్పు.”

చెప్పాలనే అనుకున్నాడు. వారాలు గడిచాయి, పని పూర్తయింది, ఆమె చివరిరోజు వచ్చేసింది. బయట జోరున వాన. అద్దం ముందు వల్లించిన మాటలన్నీ మింగేసి, “గొడుగుందా?” అని అడిగాడు. ఉందంది.

ఆమె సంచి సర్దుకుని, చివరిగా ఒక పరీక్ష చేసి వెళ్తానని అతని పక్కన కూర్చుంది. లావాదేవీని చేత్తో నింపే తెర తెరిచి, తన దగ్గరున్న ఉత్తుత్తి నాణేలన్నీ ఇన్‌పుట్‌లో పెట్టింది. ఔట్‌పుట్‌లో అతని చిరునామాకి రవ్వంత రాసింది. కింద ఇంకేమీ రాయకుండా వేలు పంపే మీట మీద పెట్టింది.

“ఆగండి, చిల్లర చిరునామా మర్చిపోయారు. మొత్తం పోతుంది.”

“మర్చిపోలేదు. చెప్పకుండా వదిలేస్తే ఎవరికో పోతుందని నాకు నేర్పింది మీరే.” ఆమె గొంతు చిన్నదైంది. “మీరు మాత్రం గొడుగు గురించి అడిగి ఊరుకుంటున్నారు.”

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఇప్పుడు నోరు మెదపకపోతే ఆ తలుపులోంచి ఈమె వెళ్లిపోతుంది, మళ్లీ నేనూ ఆ గోడా మిగులుతాం అనుకున్నాడు.

“మీరంటే నాకిష్టం. రేపు ఆ బల్ల దగ్గర మీరు లేకపోతే నేను చూడలేను. వెళ్లొద్దని అనలేను గాని... నన్ను వదిలేసి వెళ్లకండి.”

ఆమె తెర వైపు తిరిగింది. తర్వాత నెమ్మదిగా కీబోర్డు దగ్గరికి లాక్కుంది. చిల్లర గడిలో రాస్తున్నది ఆమె సొంత చిరునామా కాదని అతను గమనించాడు.

“అది నాది. పొరపాటు...”

“పొరపాటేం కాదు. మిగిలిందంతా మీకే,” అని మీట నొక్కింది.

ఆ వారాంతం అతని గదిలోకి రెండో కప్పు వచ్చింది. అక్క ఫోన్ చేసి అంతా విని, కాసేపు ఏడ్చి, కాసేపు నవ్వి, ఇద్దరూ చల్లగా ఉండండర్రా అని దీవించింది. పెళ్లయ్యాక ఆ అమ్మాయి ఎక్కడుంటుందిరా అని అడిగితే అతను స్పీకర్‌లో ఉన్న ఫోన్‌ని ఆమె వైపు చాపాడు. ఆమె ఫోన్ అందుకుంది.

“చిరునామా మార్పేనండీ వదినగారూ. నేను మొదటిరోజే రాశాను, మీ తమ్ముడే కొట్టేశారు.”