హెస్టర్ అమ్మిన గుర్రాల ట్రైలర్

డెల్మర్ వాళ్ళ పాత ట్రైలర్ అడుగు చెక్కలు పుచ్చిపోయాయి. కదిలే బండిలో గుర్రం కాలు చెక్కలోంచి రోడ్డు మీదికి దిగితే ఏమవుతుందో నెబ్రాస్కా ఇసుకగుట్టల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. శనివారం జాతరలో పీపాల చుట్టూ గుర్రాన్ని ఉరికించే పందెం ఉంది. అందులో ఐరీన్ ఏటా పాల్గొంటుంది. అందుకని మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆడగుర్రం జూనిపర్‌ని పాత బండిలోనే ఎక్కించుకుని, మెల్లగా నడుపుకుంటూ కొత్త ట్రైలర్ చూడ్డానికి వెళ్ళారు.

దుకాణంలో తెల్లగా మెరిసే అల్యూమినియం బండి చూసి ఐరీన్ మనసు పారేసుకుంది. రబ్బరు చాప ఎత్తి అడుగు చూసింది, తలుపు గడియలు వేసి తీసింది. జూనిపర్ మాత్రం గుమ్మం దగ్గరే కాళ్ళు నిగడదన్ని నిలబడిపోయింది. డెల్మర్ పగ్గం గుంజాడు. తర్వాత నడుం బెల్టు తీశాడు. దుకాణం అతను మొహం తిప్పుకున్నాడు.

"చాలు, ఆపు! అది బెదిరింది" అంది ఐరీన్.

"బెదరలేదు, నీలాగే మొండికేసింది" అన్నాడు డెల్మర్, చెమట తుడుచుకుంటూ. "ఎక్కని గుర్రానికి ఎంత తళతళలాడే బండి అయితే ఏం లాభం?"

తిరుగుదారిలో హెస్టర్ వాళ్ళ పెరట్లో పాత ట్రైలర్ అమ్మకానికి పెట్టిన అట్ట కనిపించింది. హెస్టర్ వయసు మళ్ళిన ఒంటరి మనిషి. భర్త ఎటు పోయాడో ఊళ్ళో ఎవరికీ తెలియదు, అడిగినవాళ్ళూ లేరు. డెల్మర్ ఆ ట్రైలర్ కింద దూరి, చాకుతో చెక్కలు గుచ్చి చూశాడు. గట్టిగానే ఉన్నాయి. రంగు వెలిసిపోయింది, అంతే.

ఈలోపు ఐరీన్ పాత బండిలోంచి దింపిన జూనిపర్, ఎవరూ పట్టుకోకుండానే నడిచి వెళ్ళి అందులో ఎక్కేసింది.

డెల్మర్ పగలబడి నవ్వాడు. "చూశావా? నీకన్నా దానికే బుద్ధి ఉంది!"

"ఎక్కించడానికి తిప్పలుండవు బాబూ. వాటంతటవే ఎక్కుతాయి" అంది హెస్టర్.

"మరి దిగడం?" అని అడిగింది ఐరీన్.

హెస్టర్ డెల్మర్ ఇచ్చిన డబ్బు లెక్కపెట్టుకుంది. లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

ఇంటికొచ్చాక జూనిపర్ దిగలేదు. గెంటినా, గుంజినా, తిట్టినా దిగలేదు. ఆకలేస్తే అదే వస్తుందిలే అని వదిలేశారు. తెల్లారి చూస్తే పెట్టిన గడ్డి పెట్టినట్టే ఉంది, బకెట్లో నీళ్ళు అలాగే ఉన్నాయి. గుర్రం ముందు మూలకి తల ఆనించి, చెవులు రెండూ నిక్కించి నిలబడి ఉంది. తోక కూడా ఆడించడం లేదు. లోపలంతా ఉచ్చ కంపు, ఎండకి కాగిన రేకు వాసన. వాటి కింద ఇంకేదో తియ్యటి వాసన... మాగిపోయిన ఆపిల్ పళ్ళలాగా.

"దీని సంగతి తేలుస్తా" అని డెల్మర్ కొరడా పట్టుకుని ఎక్కాడు.

ఒక దెబ్బ వినపడింది. ఇంకొకటి. తర్వాత ఏమీ లేదు.

"డెల్మర్?"

"ఉష్..." లోపల్నించి గుసగుస. "ఆగు... చెబుతోంది."

"ఎవరు?"

అతను మెత్తగా నవ్వాడు. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఐరీన్ ఎరగని నవ్వు. "ఇలా రా, ఐరీన్... నువ్వూ విను..."

ఐరీన్‌కి ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తనతో ఆ గొంతుతో మాట్లాడని మనిషి, ఆ రేకు గోడతో మాట్లాడుతున్నాడు.

"అయితే తీరిగ్గా వింటూ కూర్చో" అంది. తలుపు మూసి, బయటినుంచి గడియ వేసింది.

వంటింట్లోకి వెళ్ళి కాఫీ పెట్టుకుంది. మిగిలిన చెర్రీ పళ్ళు కూరిన తీపి రొట్టె కోసుకుని, కిటికీ దగ్గర కూర్చుని తింది. ఎండ ముదిరింది. లోపల రేకు ఎంత కాలుతూ ఉంటుందో ఆమెకి తెలుసు. అరుస్తాడని, తలుపు బాదుతాడని చెవి ఒగ్గి కూర్చుంది. అరుపు లేదు. ప్లేటు కడిగింది, తుడిచి అలమరలో పెట్టింది. అప్పుడు గాని బయటికి వెళ్ళలేదు.

గడియ తీసింది.

జూనిపర్ తనంతట తాను దిగింది. అడుగుల చప్పుడే లేదు. రాళ్ళ మీద కూడా బట్ట మీద నడిచినట్టు నడిచి వెళ్ళి, కంచె అవతలికి మొహం పెట్టి నిలబడింది. దాని గిట్టలకి లాడాలు లేవు.

"డెల్మర్..."

బండిలో ఎవరూ లేరు. గాలి కోసం పెట్టిన సందుల్లోంచి పిల్లి కూడా దూరలేదు. వేసిన గడియ వేసినట్టే ఉంది, తీసింది తనే.

ఐరీన్ లోపలికి ఎక్కింది. ఆ తియ్యటి వాసన ఇప్పుడు చిక్కగా ఉంది. ముందు మూలలో, గోడ వెంబడి, నాలుగు లాడాలు వరసగా పేర్చి ఉన్నాయి. పక్కనే మేకుల కుప్ప. ఒక్క మేకూ వంగలేదు. ఆ వరసలోనే డెల్మర్ బూట్లు. మడమలు గోడకి ఆనించి, మేజోళ్ళు మడిచి లోపల పెట్టి... బూటు మీద చెయ్యి వేసింది. ఇంకా వెచ్చగా ఉంది.

బూట్ల పక్కన దుమ్ములో, ఎవరో చేత్తో తుడిచినట్టు, కాస్త చోటు శుభ్రంగా ఉంది. ఒక జత పట్టేంత చోటు.

బయటికి పోవాలనుకుంది. గోడ అవతల ఎవరో ఊపిరి తీసుకున్నట్టయింది... మాట మొదలుపెట్టే ముందు తీసుకునే ఊపిరి. ఒక్క క్షణం... ఒక్క మాట విని పోదాం అనిపించింది.

కింద పరిచిన రబ్బరు చాప పాదానికి చల్లగా తగిలింది.

ఐరీన్ కిందికి చూసుకుంది. ఎడమకాలి బూటు అప్పటికే తన చేతిలో ఉంది.