రోడ్డు ఇంకా మూసే ఉంది

పొద్దుగూకాక సిరిల్ మలుపు దాటకు... మా ఓల్షింకాలో పిల్లలకి ప్రార్థన కంటే ముందు నేర్పే మాట ఇది.

అడవి మధ్యలో రోడ్డు ఉన్నట్టుండి ఎడమకి తిరిగే చోటది. పక్కన బీచ్ అనే జాతి పెద్ద అడవిచెట్టు. దాని మొదలుకి ఎప్పుడో కొట్టిన సున్నం మరకలు ఇంకా కనిపిస్తాయి. పగలు అక్కడ ఏమీ ఉండదు. పిల్లలు పుట్టగొడుగులు ఏరుకుంటారు.

చీకటి పడిందా... గుర్రాలు ఆగిపోతాయి. కొరడా ఝళిపించినా అంతే, బతిమాలినా అంతే. చెవులు వెనక్కి పెట్టి, వణుకుతూ నిలబడిపోతాయి.

ఆ తర్వాత... ఈల. ఒకే ఒక్క ఈల. పొడుగ్గా, చిరాగ్గా.

పోనీ పశువుల బాట పట్టి వెళ్దామా అంటే, దాని మీద యుద్ధంలో పేల్చేసిన వంతెన ఇంకా కట్టలేదు. అంటే మా ఊరికి పగలు రోడ్డుంది, రాత్రి లేదు. ఏ ఊరికైనా ఇలాంటి ఖర్మ ఉంటుందా?

ఈ తంటా అంతా మా దేశపు గ్రాండ్ ప్రీ కార్ల పందెం తెచ్చిపెట్టిందే.

యుద్ధానికి ముందు, ఏటా ఆకురాలే కాలం రాగానే కార్ల పందెం జరిగేది. బ్ర్నో నగరం దగ్గర మొదలై, మా లాంటి పల్లెలన్నీ చుట్టి మళ్ళీ అక్కడికే చేరేది. ఎక్కడెక్కడి దేశాల కార్లో మా గుమ్మాల ముందు నుంచే దూసుకుపోయేవి. కిటికీ అద్దాలు గడగడలాడేవి, కోళ్ళు గుడ్లు పెట్టడం మానేసేవి, ఇంజన్లలో మాడిన ఆముదం వాసన వారం దాకా ఊరు వదిలేది కాదు. అయినా ఆ పందెమంటే మాకు ప్రాణం.

ఆ మలుపు దగ్గర జెండా, ఈల పట్టుకుని నిలబడేవాడు సిరిల్. చెప్పులు కుట్టుకునే మనిషి. మొదటి పందెం నుంచీ ఆ మలుపు ఆయనదే. నియమం ఒక్కటే — పందెం అయిపోయాక చివర్న పచ్చజెండా కట్టిన కారొకటి వస్తుంది. ప్రతి మలుపులోనూ ఆగుతుంది. 'రోడ్డు తెరిచాం, ఎక్కండి' అని కాపలావాళ్ళని ఎక్కించుకుని ఊళ్ళో దింపుతుంది. అంతవరకు రోడ్డు మీద పురుగు కూడా పాకకూడదు.

సిరిల్‌ది తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. ఒక ఏడు, చావుబతుకుల్లో ఉన్న ముసలమ్మకి చివరి ప్రార్థన చెప్పడానికి పరిగెడుతున్న ఫాదర్ గారినే ఆపేశాడు!

"ఆవిడ్ని కాస్త ఆగమనండి ఫాదర్. పచ్చజెండా రానీ," అన్నాడట.

యుద్ధానికి ముందు జరిగిన ఆఖరి పందెం సరిగ్గా మా ఊరి చర్చి జాతర రోజే వచ్చింది. ఇంటింటా బాతు వేగుతోంది. పచ్చజెండా కారులోని పెద్దమనుషుల ముక్కుకి ఆ వాసన తగిలింది. పైగా వాన. అడవి మలుపు చుట్టి రావడం ఎందుకులే అనుకుని, పశువుల బాట వెంట అడ్డంగా ఊళ్ళోకి వచ్చేశారు. సిరిల్ సంగతి ఒక్కడికీ గుర్తు రాలేదు.

చీకటి పడ్డాక ఆయన భార్య హెర్మీనా గొడుగు పట్టుకుని వెళ్ళింది.

"రావయ్యా, బాతు చల్లారిపోతోంది."

"కారు రాలేదు."

"ఎప్పుడో తెరిచేశారు! ఊరంతా తాగి పాటలు పాడుతోంది."

"నాకెవరూ చెప్పలేదు. రోడ్డు ఇంకా మూసే ఉంది."

"అయితే ఆ రోడ్డుతోనే కాపురం చెయ్!" అని విసవిసా వచ్చేసింది ఆవిడ.

ఆయన తెల్లవార్లూ ఆ వానలోనే నిలబడ్డాడు. పొద్దున మోసుకొచ్చేసరికి ఒళ్ళు కాలిపోతోంది. జ్వరంలో ఒకటే కలవరింత — 'కారొచ్చిందా?' ఆ వారం దాటలేదు.

ఆ తర్వాత హెర్మీనా పిన్ని మలుపు వైపు కన్నెత్తి చూడలేదు. రాత్రిళ్ళు తలుపు గడియ మాత్రం వెయ్యదు. ఎందుకని అడిగితే, అడిగినవాణ్ణి దులిపేస్తుంది.

మేం చెయ్యని ప్రయత్నం లేదు. ఫాదర్ గారు పవిత్రజలం చల్లారు. సారాకొట్టు యజమాని ఊళ్ళోంచి పచ్చటి బల్లగుడ్డ ఊపుకుంటూ నడిచి వెళ్ళాడు — మూసిన రోడ్డు మీద నడుస్తావా అన్నట్టు ఈల చెవులు చిల్లులు పడేలా మోగింది. పాపం, ఆయనకి ఇప్పటికీ ఒక చెవి వినపడదు.

యుద్ధం అయిపోయింది. గ్రాండ్ ప్రీ మళ్ళీ జరుగుతుందని కబురొచ్చింది! ఊరు ఊరంతా పండగ చేసుకుంది. పచ్చజెండా కారొస్తుంది, సిరిల్‌ని ఎక్కించుకుంటుంది, మన రోడ్డు మనకొస్తుంది... పందెం కార్లకి దారి కనపడేలా అందరం చెట్లకి సున్నాలు కొట్టాం.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు కదా! పందెం దారి కుదించేశారు. మా పల్లెలన్నీ కత్తిరించేశారు. కొండకి అవతల కార్లు తిరుగుతుంటే, సీసాలో ఈగ మోతలాగా ఇవతల మాకు వినపడింది. అంతే.

మా ఊరిపెద్ద బ్ర్నో వెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డాడు. "ఒక్క కారు. ఒక్కసారి. పచ్చజెండా కట్టి అలా తిప్పండి బాబూ."

"బతికున్న కాపలావాళ్ళకే భోజనం కూపన్లు చాలక మేం చస్తుంటే, చచ్చినవాడి కోసం కారు పంపాలా?" అన్నారట వాళ్ళు.

ఇదంతా విని అందరికంటే ఎక్కువ పళ్ళు నూరినవాడు మెతోదేయ్. మా ఊరి వడ్రంగి. అంతకు ముందు ఏడాది అతని భార్య అపోలెనకి నొప్పులొస్తే, పక్కనున్న హ్రాబిన్ నుంచి మంత్రసానిని బండిలో తెస్తున్నాడు. ఆ మలుపులో గుర్రం ఆగిపోయింది. మంత్రసాని అడవిలో పడి కాలినడకన పరిగెత్తుకొచ్చేసరికి... బిడ్డ దక్కలేదు.

ఇప్పుడు అపోలెనకి మళ్ళీ నెలలు నిండాయి. మెతోదేయ్ గుర్రాన్ని అమ్మేశాడు. సైన్యం వదిలేసిపోయిన పాత మోటారు సైకిలొకటి కొన్నాడు, పక్కన మనిషి కూర్చునే తొట్టి ఉన్నది.

"గుర్రానికి భయం. ఇనుముకేం భయం?" అన్నాడు అందరితోనూ.

నొప్పులు సాయంత్రం మొదలయ్యాయి. వెలుతురుండగానే మలుపు దాటి హ్రాబిన్ చేరాడు. మంత్రసాని ఫిలోమేనా తయారయ్యేసరికి... మసక చీకటి.

"పోనీ, పోనీ," అంది ఆవిడ తొట్టిలో కూర్చుని, సంచీ గుండెకి హత్తుకుని.

అడవి. మంచు. దీపం వెలుగులో తెల్లటి సున్నం మరక కనిపించింది.

ఇంజన్ దగ్గింది. మళ్ళీ దగ్గింది... ఆగిపోయింది.

మెతోదేయ్ తన్నాడు. తన్నాడు. ఇంకా తన్నాడు. ఇనుము కిక్కురుమనలేదు.

ఈల...

"ఛీ, దిక్కుమాలిన బతుకు!" మెతోదేయ్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. "బాబాయ్! కిందటేడు ఒక బిడ్డని తిన్నావ్. ఇంకా ఆకలి తీరలేదా?"

ఈల... ఈసారి దగ్గరగా.

"నీకు దండం పెడతాను బాబాయ్. పోనీ బాబాయ్..." ఏడుస్తూ చేతులు జోడించాడు. ఆ కోపం, ఆ ఏడుపు ఎవరి మీదో అతనికే తెలీదు — సిరిల్ మీదో, బాతు వాసనకి లొంగిన పెద్దమనుషుల మీదో.

"అరవకు," గుసగుసలాడింది ఫిలోమేనా. "అబ్బాయ్... పందెం కార్లు ఎటు నుంచి వచ్చేవి?"

"హ్రాబిన్ వైపు నుంచే కదా, పిన్నీ."

"మనం?"

మెతోదేయ్ చటుక్కున తాము వచ్చిన హ్రాబిన్ వైపు చూశాడు. ఆవిడ తల రుమాలు విప్పింది. దీపం ముందు పట్టింది.

పచ్చది.

"నిలబడి ఊపు. గట్టిగా చెప్పు."

రుమాలు అందుకుని ఊపాడు. "పందెం... పందెం అయిపోయింది! రోడ్డు తెరిచాం!"

ఈల ఆగింది.

ఆకుల మీద నీటిచుక్కలు పడుతున్న చప్పుడు. ఇంకేమీ లేదు. మెతోదేయ్ ఆశగా ఇంజన్‌ని తన్నాడు.

ఉలుకూ పలుకూ లేదు.

"ఇంకేం కావాలంటావ్ పిన్నీ!" ఏడుపు గొంతుతో అరిచాడు.

ఫిలోమేనాకి ఒళ్ళు మండింది. "మర్యాద తెలీని మనిషివి! తెరిచామని చెప్పేసి నీ దారిన నువ్వు పోతావా? మనిషిని ఎక్కించుకోవద్దూ?" ఆవిడ చీకట్లోకి తిరిగింది. గొంతు తగ్గించింది. "సిరిల్... ఎక్కవయ్యా. చాలాసేపు నిలబడ్డావ్. నీ పనైపోయింది."

ఒక క్షణం... ఇంకో క్షణం...

తడి ఆకుల మీద అడుగు పడింది.

ఇంకో అడుగు.

మెతోదేయ్ వెనకున్న ఖాళీ సీటు స్ప్రింగులు కిర్రుమన్నాయి. బండి వెనక్కి కుంగింది. తడిసిన ఉన్నికోటు వాసన గుప్పుమంది.

ఒక్క తన్ను. ఇంజన్ అందుకుంది.

ఇద్దరూ వెనక్కి తిరగలేదు. ఊరొచ్చేదాకా ఊపిరి కూడా సరిగ్గా తీసుకోలేదు.

మీరు కంగారు పడతారని ముందే చెప్పేస్తున్నా — వేళకే చేరారు. ఆడపిల్ల. ఆ పిల్ల ఏడుపు సారాకొట్టు యజమానికి చెవిటి చెవిలో కూడా వినపడిందట.

కానీ దానికి ముందు ఇంకొకటి జరిగింది.

ఊరి మొదట్లో ఉండేది హెర్మీనా పిన్ని ఇల్లే. దాని ముందుకి రాగానే మెతోదేయ్ బ్రేకు వెయ్యకుండానే బండి నెమ్మదించింది. వెనక స్ప్రింగులు తేలికపడి పైకి లేచాయి. గేటు తెరుచుకుంది... మూసుకుంది. బాట మీద ఎవరూ లేరు. ఇంటి తలుపు మాత్రం దానంతటది తెరుచుకుంది.

లోపలి నుంచి హెర్మీనా పిన్ని గొంతు వినపడింది. అంత చిరాగ్గా ఆవిడ మాట్లాడటం మెతోదేయ్ ఎప్పుడూ వినలేదు.

"ఇప్పుడా రావడం? ఎదురు చూసి చూసి నా కళ్ళు కాయలు కాశాయి... సర్లే, ఆ బురద బూట్లు గుమ్మం బయటే విప్పి రా."

తలుపు మూసుకుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి, లోపలి నుంచి గడియ పడింది.