అడుగున మిగిలిన ఉండలు

పరుపు మెట్ల మలుపులో ఇరుక్కుంది. కింది నుంచి నాన్న తోస్తున్నాడు. పై నుంచి గువ్వ లాగుతోంది.

"లాగకు. మడిచి పట్టుకో," అన్నాడు నాన్న.

"మడత పడటం లేదు నాన్నా. లోపల రాళ్ళున్నట్టున్నాయి."

"రాళ్ళు కాదే, దూదే. పాతబడి ఉండలు కట్టింది."

గువ్వ అసలు పేరు బళ్ళో హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎక్కడా వినబడదు. ఇంట్లో అందరికీ గువ్వే. ఐదో తరగతి చదువుతోంది. నాన్న ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే కొట్లో పనిచేస్తాడు. కొట్టు పక్కనున్న లాడ్జి మూసేస్తుంటే, అక్కడి పాత పరుపుల్లో ఒకటి అడిగి తెచ్చాడు. కూతురి పోరు పడలేకే తెచ్చాడు.

ఆ పోరుకు కారణం ఉంది. అమ్మ వేరే ఊళ్ళో పెద్దాసుపత్రిలో ఆయా. అన్నీ రాత్రి డ్యూటీలే. నెలకోసారి ఇంటికొచ్చి, ఒక రాత్రి ఉండి వెళ్ళిపోతుంది. ఈమధ్య ఫోనులో నానమ్మతో అంటుంటే గువ్వ వింది.

"ఒక్క పూట ఒళ్ళు తెలియకుండా నిద్రపోతే చాలత్తయ్యా. ఇంకేం వద్దనిపిస్తోంది."

అప్పటి నుంచి గువ్వ మనసులో ఒక లెక్క మొదలైంది. ఇంట్లో ఉన్నవి చాపలే. మంచి పరుపుంటే అమ్మ హాయిగా నిద్రపోతుంది. హాయిగా నిద్రపోతే వెళ్ళాలనిపించదు. వెళ్ళాలనిపించకపోతే ఇక్కడే ఏదో ఒక పని చూసుకుంటుంది. ఈ లెక్క ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎవరైనా తప్పని తేలుస్తారేమోనని భయం.

నానమ్మ పరుపు మీద చెయ్యి వేసి నిమిరింది.

"ఇది పరుపా, బంగాళాదుంపల బస్తానా?"

"బాగవదా నానమ్మా?"

"ఎందుకవదూ. కుట్టు విప్పి దూదంతా బయటికి తీయాలి. ఎండలో వేయాలి. ఒక్కో ఉండనూ వేళ్ళతో విడదీసి ఏకాలి. నా వేళ్ళకు ఇదివరకటి పట్టు లేదు. నువ్వే చెయ్యాలి. ఓపికుందా?"

"బోలెడుంది."

"అదీ చూద్దాం."

బడి నుంచి రాగానే గువ్వ డాబా మీదికి వెళ్ళి దూది ముందు కూర్చునేది. నానమ్మ పక్కనే గోడకానుకుని కూర్చుని ఎలాగో చూపించింది. రెండు చేతులతో ఉండను పట్టుకుని మెల్లగా లాగాలి. తెంపకూడదు, విప్పాలి. ఏకిన దూదిని ఎత్తి పట్టుకుంటే అవతలి వెలుతురు కనబడాలి. గట్టి ఉండ కాస్తా చేతుల్లోనే మబ్బు తునకలా పొంగుతుంటే గువ్వకు ముచ్చటేసింది. ఆ రోజుల్లో గాలి వీయకపోవడం కూడా మంచిదైంది. వీచి ఉంటే దూది వీధంతా పరుచుకునేది.

కానీ మొదటి రోజు ముచ్చట మూడో రోజుకు మిగల్లేదు. వేళ్ళ చివర్లు మంట పుట్టాయి. శనివారం సాయంత్రానికి ఏకిన కుప్ప ఎంతుందో, ఏకని కుప్పా అంతే ఉంది. తెల్లారితే అమ్మ వస్తుంది.

నానమ్మ కిందికి వెళ్ళి ఓ కునుకు తీస్తోంది. గువ్వ రెండు కుప్పల వంకా చూసింది. ఏకని ఉండల్ని ఎత్తి పరుపు సంచిలో అడుగున పరిచింది. వాటి మీద ఏకిన దూదిని మందంగా కప్పింది. చేత్తో నొక్కి చూసింది. మెత్తగా ఉంది.

నానమ్మ దబ్బనం పట్టుకుని పైకొచ్చి ఆశ్చర్యపోయింది.

"అప్పుడే అయిపోయిందా?"

"అయిపోయింది," అంది గువ్వ, దబ్బనంలోకి దారం ఎక్కిస్తూ. ఎందుకో దారం నాలుగుసార్లు తప్పిపోయింది.

మర్నాడు పొద్దున్నే అమ్మ వచ్చింది. కళ్ళ కింద నల్లగా ఉంది. పరుపు చూడగానే నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

"ఇదంతా నువ్వే చేశావుటే?"

"మొత్తం ఇదే చేసింది," అన్నాడు నాన్న. "ఇందులో నాదేం లేదు. నేనొట్టి కూలీవాణ్ణి."

మధ్యాహ్నం అమ్మ పడుకుంది. గువ్వ పక్కనే కూర్చుంది.

"ఎలా ఉందమ్మా?"

"దూదిలా ఉంది."

"దూదేగా మరి. మెత్తగా ఉందా?"

"చాలా మెత్తగా ఉంది."

"నిద్దరొస్తోందా?"

"నువ్వు రానిస్తే వస్తుంది తల్లీ," అని అమ్మ నవ్వి కళ్ళు మూసుకుంది.

గువ్వ వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడింది. అమ్మ ఆ పక్కకు తిరిగింది. మళ్ళీ ఈ పక్కకు తిరిగింది. నడుం కింద చెయ్యి పెట్టుకుంది. కాసేపటికి చప్పుడు కాకుండా లేచి, చాప పరుచుకుని నేలమీద పడుకుంది.

"కిందెందుకు పడుకున్నావమ్మా?"

అమ్మ ఉలిక్కిపడింది. "ఏం లేదే. ఇక్కడికి ఫ్యాను గాలి బాగా వస్తోంది."

గువ్వ తలెత్తి చూసింది. ఫ్యాను సరిగ్గా పరుపు పైనే తిరుగుతోంది.

అమ్మ కోప్పడి ఉంటే బాగుండుననిపించింది. బయటికొచ్చి నానమ్మ ముందు నిలబడింది.

"కత్తెర కావాలి."

"ఎందుకే?"

"కుట్టు విప్పాలి. ఉండలు అడుగున పెట్టేశాను. సగమే ఏకాను. నీతో అబద్ధం చెప్పాను."

నానమ్మ ఆమె ముఖంలోకి చూసింది. సూదుల డబ్బాలోంచి కత్తెర తీసి ఇచ్చింది. నాన్నా గువ్వా చెరో కొసా పట్టుకుని, అమ్మ నిద్ర చెడకుండా పరుపును డాబా మీదికి చేర్చారు. అసలు అమ్మకు నిద్ర పడితేగా. కాసేపటికి ఆమే పైకొచ్చింది. కూతురి తలనిండా దూది.

"అయ్యో, అప్పుడే జుట్టు నెరిసిపోయిందే నీకు."

"నాకిన్నాళ్ళకు జత దొరికింది," అంది నానమ్మ.

గువ్వ నవ్వలేదు. "పరుపు బాగాలేదని నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నీ వేళ్ళు చూశాను. చెప్పబుద్ధి కాలేదు," అని అమ్మ పక్కన కూర్చుని ఒక ఉండ చేతిలోకి తీసుకుంది.

"నువ్వు పడుకో. నేను చేస్తాను."

"నీతో కూర్చుని ఎన్నాళ్ళైంది. కూర్చోనీవే."

నలుగురూ ఏకుతూ కూర్చున్నారు. నాన్న తెంపుతుంటే నానమ్మ ఆయన చేతిమీద ఒక్కటిచ్చింది. ఎండ గోడ దిగి వెళ్ళిపోయింది. చివరికి గువ్వ ఇన్నాళ్ళూ దాచుకున్న లెక్క బయటపెట్టింది.

"పరుపు బాగుంటే ఇక్కడే ఉండిపోతావా?"

అమ్మ చేతులు ఆగాయి.

"ఇక్కడ నాలుగు చోట్ల అడిగానే. ఖాళీల్లేవన్నారు. మళ్ళీ అడుగుతాను. పరుపు బాగున్నా, బాగా లేకపోయినా అడుగుతూనే ఉంటాను."

"మరి రేపు?"

"రేపు సాయంత్రం బస్సుకు వెళ్ళాలి."

గువ్వ తలవంచుకుంది. చేతిలోని దూది తడిసింది. దాన్ని పక్కన పెట్టి ఇంకో ఉండ తీసుకుంది. దాన్ని విప్పి, ఎత్తి పట్టుకుని వెలుతురు చూసింది. సరిపోలేదు. మళ్ళీ విప్పింది.

సోమవారం పొద్దున దూదంతా సంచిలో సమంగా పరిచారు. నానమ్మా అమ్మా చెరో వైపు నుంచి కుట్టుకుంటూ వచ్చారు. ఆఖరి కుట్టు పడేసరికి గువ్వకు బడి టైమైపోయింది.

ఆరోజు బళ్ళో చాలా జరిగాయి. డ్రిల్లు మాస్టారు జారిపడబోయి, స్తంభాన్ని కౌగిలించుకున్నారు. లెక్కల టీచరు గువ్వను బోర్డు దగ్గరికి పిలిచి, చేతిరాత బాగుందన్నారు. అన్నీ అమ్మకు చెప్పాలి. వెళ్ళేలోగా చెప్పాలి. గంట కొట్టగానే పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చింది.

గుమ్మంలోనే నానమ్మ పెదాలమీద వేలు పెట్టి చూపించింది. "భోంచేసి పడుకుంది. ఇంతవరకూ కదల్లేదు."

అమ్మ పరుపు మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది. చెయ్యి ఒకటి పరుపు అంచు దాటి నేలమీదికి జారింది. ఇలా పడుకున్న అమ్మను గువ్వ ఇంతకుముందు చూడలేదు.

బస్సుకు ఎక్కువసేపు లేదు. లేపితే కాసిని కబుర్లు చెప్పుకోవచ్చు. గువ్వ పరుపు పక్కన మోకాళ్ళమీద కూర్చుంది. నోటిదాకా వచ్చిన పిలుపును మింగేసింది.

మెల్లగా లేచి అమ్మ సంచి అందుకుంది. అమ్మ వెళ్ళే రోజున ఆ సంచి వంక చూడటం కూడా గువ్వకు ఇష్టముండేది కాదు. సర్దే పని ఎప్పుడూ అమ్మదే. ఇవాళ తీగమీది డ్యూటీ చీర తెచ్చి మడత పెట్టింది. దువ్వెన, ఛార్జరు, మందుల చీటీ అన్నీ వెతికి తెచ్చింది. నీళ్ళ సీసా నింపి పక్కజేబులో పెట్టింది. చివరికి జిప్పు దగ్గర ఆగింది. దాన్ని లాగితే బర్రుమంటుంది. అందుకని ఒక్కో పన్నూ మెల్లగా దాటిస్తూ, ఊపిరి బిగబట్టి మూసింది.

మెట్ల మీద నాన్న చెప్పుల చప్పుడైంది. గువ్వ పరుగున ఎదురెళ్ళింది.

"లేచిందా? టైమవుతోంది, లేపనా?" అన్నాడు నాన్న.

"ఇంకొంచెంసేపు పడుకోనీ నాన్నా," అంది గువ్వ గుసగుసగా. "సంచి సర్దేశాను."